సీసం విడిపోలేదు... దారి దొరికింది

1911లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో, భౌతికశాస్త్ర ప్రయోగశాల నేలమాళిగలో వందల కిలోల సీసం క్లోరైడు పడి ఉండేది. యురేనియం ఖనిజం నుంచి రేడియం తీసుకున్నాక మిగిలిన సరుకు అది. ఆస్ట్రియా ప్రభుత్వం దాన్ని ప్రయోగశాల అధిపతి ఎర్నెస్ట్ రూథర్‌ఫర్డ్‌కు కానుకగా ఇచ్చింది. అందులో రేడియం-డి అనే రేడియోధార్మిక పదార్థం ఉంది. ప్రయోగాలకు ఎంతో పనికొచ్చేదే. కానీ అది కొంచెం, చుట్టూ ఉన్న మామూలు సీసం కొండంత. ఆ సీసం దాని కిరణాలను అక్కడికక్కడే మింగేస్తోంది. సీసాన్ని తొలగిస్తే తప్ప ఆ కానుక అక్కరకు రాదు.

హంగరీ నుంచి కొత్తగా వచ్చిన పాతికేళ్ల రసాయన శాస్త్రవేత్తను రూథర్‌ఫర్డ్ పిలిచారు. సీసం నుంచి రేడియం-డిని విడదీసే పని అప్పగించారు. ఆ యువకుడు దాదాపు రెండేళ్లు కష్టపడ్డారు. కరిగించారు, వడగట్టారు, అవక్షేపాలు చేశారు. తెలిసిన పద్ధతులన్నీ వాడారు. పిసరంత కూడా విడిపోలేదు.

ఆయన పేరు జార్జ్ హెవెషి. ఈ రోజు ఆసుపత్రుల్లో మెదడులోని కణితి ఎంత ఉద్ధృతంగా ఉందో చూపే పెట్ స్కాన్ వెనుక ఉన్న మూల సూత్రం, ఆయన ఓడిపోయిన ఆ పనిలోనే దొరికింది. అదెలాగో చూద్దాం.

బుడాపెస్ట్ నుంచి మాంచెస్టర్‌కు

హెవెషి 1885 ఆగస్టు 1న బుడాపెస్ట్‌లో పుట్టారు. ఎనిమిది మంది సంతానంలో ఐదోవారు. కలిగిన కుటుంబం. యూదు మూలాలున్నా క్యాథలిక్ మతం తీసుకున్నవాళ్లు. హంగరీ భాషలో ఆయన పేరు గ్యోర్గి. జర్మనీకి వెళితే గేయోర్గ్ అయింది, ఇంగ్లండ్‌లో జార్జ్ అయింది. జీవితమంతా ఊళ్లు మారుతూ, భాషలు మారుతూ గడిచింది కాబట్టి పేరు కూడా ఆయనతోపాటే మారుతూ పోయింది.

బుడాపెస్ట్‌లో, బెర్లిన్‌లో చదివి, 1908లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో డాక్టరేట్ తీసుకున్నారు. తర్వాత జ్యూరిచ్‌లో, కార్ల్స్‌రూహెలో కొంతకాలం పనిచేసి, 1911 మొదట్లో మాంచెస్టర్ చేరారు. రూథర్‌ఫర్డ్ పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందని ప్రకటించిన సంవత్సరం అది. మరుసటి ఏడు డెన్మార్క్ నుంచి నీల్స్ బోర్ కూడా అక్కడికి వచ్చారు. ఇద్దరికీ కుదిరిన స్నేహం చివరిదాకా నిలిచింది.

మాంచెస్టర్‌లో హెవెషి ఒక ఇంట్లో అద్దెకు ఉంటూ అక్కడే భోజనం చేసేవారు. ఒక రోజు ప్లేటులో మిగిలిన మాంసమే మరో రోజు కొత్త కూరగా వస్తోందని ఆయనకు అనుమానం. ఇంటావిడ ఒప్పుకోలేదు. ఒకసారి ఆయన తినగా మిగిలిన ముక్కల మీద కొద్దిగా రేడియోధార్మిక పదార్థం చల్లారు. కొన్నాళ్లకు బల్ల మీదికి వచ్చిన వంటకం దగ్గర విద్యుద్దర్శిని పెడితే దాని రేకులు కదిలి అసలు సంగతి బయటపెట్టాయి. ఈ కథను హెవెషే తర్వాతి రోజుల్లో సరదాగా చెప్పేవారు. తినే వస్తువుల మీద ఇలాంటి పనులు ఈ రోజు ఎవరూ చేయకూడదు. కానీ ఆయన ఆలోచన ఎటు నడుస్తోందో ఆ కథలో కనిపిస్తుంది. ఒక పదార్థానికి గుర్తు పెట్టి వదిలితే, అది ఎక్కడికి వెళ్లినా పట్టుకోవచ్చు.

ఎందుకు విడిపోలేదు?

మూలకాలను రసాయన పద్ధతుల్లో విడదీయాలంటే వాటి రసాయన గుణాలు వేర్వేరుగా ఉండాలి. ఉప్పునూ ఇసుకనూ నీళ్లతో విడదీయగలం. ఎందుకంటే ఉప్పు కరుగుతుంది, ఇసుక కరగదు. సీసం, రేడియం-డి అలా లేవు. ఒకటి కరిగిన చోట రెండోదీ కరుగుతోంది. ఒకటి అడుగున పేరుకుంటే రెండోదీ పేరుకుంటోంది.

కారణం ఇప్పుడు మన పాఠాల్లోనే ఉంది. రేడియం-డి అంటే సీసమే. దాని కేంద్రకం బరువు 210. మామూలు సీసంలో ఎక్కువగా ఉండేవి 206, 207, 208 బరువులవి. కేంద్రకం బరువు వేరైనా ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే కాబట్టి రసాయన ప్రవర్తన ఒకటే. ఇలాంటి వాటికి ఐసోటోపులు అనే పేరును ఫ్రెడెరిక్ సాడీ 1913లో పెట్టారు. హెవెషి పనిచేసిన రోజులకు ఆ పేరు కూడా ఇంకా లేదు.

పని కాలేదని వదిలేసి మరో పని చూసుకోవచ్చు. హెవెషి మాత్రం ప్రశ్నను తిరగేశారు. ఎంత ప్రయత్నించినా సీసం నుంచి రేడియం-డి విడిపోకపోతే, సీసం ఎక్కడికి వెళితే అదీ అక్కడికే వెళ్లాలి కదా? అలాగైతే సీసంలో కొంచెం రేడియం-డి కలిపి, కిరణాలను కొలిస్తే సీసం జాడ తెలిసిపోతుంది. కొండల్లో మేసే మందలో ఒక గొర్రెకు గంట కట్టినట్టన్నమాట. గంట వినిపించిన చోట మంద ఉంటుంది.

1913లో ఆయన వియన్నాలోని రేడియం పరిశోధన సంస్థకు వెళ్లారు. అక్కడ ఫ్రీడ్రిష్ పానెట్ అనే శాస్త్రవేత్త కూడా అదే రేడియం-డితో కుస్తీ పట్టి ఓడిపోయి ఉన్నారు. ఓడిన ఇద్దరూ కలిసి ఒక ప్రయోగం చేశారు. సీసం క్రోమేటు, సీసం సల్ఫైడు నీళ్లలో దాదాపు కరగవు. కరిగే ఆ రవ్వంతను ఏ త్రాసూ తూచలేదు. రేడియం-డి కలిపిన సీసంతో ఆ లవణాలు తయారుచేసి, నీళ్లలోకి ఎంత రేడియోధార్మికత వచ్చిందో కొలిచారు. దాంతో ఎంత సీసం కరిగిందో లెక్క తేలింది. ఒక పరమాణువును మరోదానికి గుర్తుగా వాడిన తొలి ప్రయోగం అదే.

చిక్కుడు వేరు నుంచి ఎలుక ఎముక దాకా

అంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. హెవెషి ఆస్ట్రియా-హంగరీ సైన్యంలో పనిచేయాల్సి వచ్చింది. యుద్ధం ముగిశాక హంగరీలో రాజకీయ అల్లకల్లోలం. 1920లో ఆయన డెన్మార్క్ వెళ్లి కోపెన్‌హేగెన్‌లో బోర్ సంస్థలో చేరారు. అక్కడ డిర్క్ కోస్టర్‌తో కలిసి 1922 చివర్లో ఒక కొత్త మూలకాన్ని కనుక్కున్నారు. మీ పాఠ్యపుస్తకం ఏ భాషలో ఉన్నా ఆవర్తన పట్టికలో 72వ గడి చూడండి. అదే హాఫ్నియం. కోపెన్‌హేగెన్‌కు లాటిన్‌లో ఉన్న హాఫ్నియా అనే పేరు మీదే దానికా పేరు పెట్టారు.

1923లో ఆయన తన గుర్తు పద్ధతిని మొదటిసారి ప్రాణమున్న వాటి మీద వాడారు. చిక్కుడు జాతి మొక్కల వేళ్లను రేడియోధార్మిక సీసం కలిపిన నీళ్లలో ఉంచి, అది వేరులో ఎంత నిలిచిందో, కాండంలోకి, ఆకుల్లోకి ఎంత ఎక్కిందో కొలిచారు. ఆ తర్వాత జంతువుల మీద కూడా చేశారు. కానీ ఒక పెద్ద ఇబ్బంది ఉంది. అప్పటికి దొరికే రేడియోధార్మిక మూలకాలన్నీ సీసం, బిస్మత్, థోరియం లాంటి బరువైనవి. వాటితో శరీరానికి పని లేదు, సీసమైతే విషం కూడా. శరీరాన్ని నడిపించే కార్బన్, భాస్వరం లాంటి వాటికి గుర్తు పెట్టే దారి లేదు.

ముందుగా దారి చూపింది భారజలం. 1934లో ఫ్రైబర్గ్‌లో హెవెషి, హోఫర్ అనే సహచరుడితో కలిసి, చేపలున్న నీటిలో కొద్దిగా భారజలం కలిపి, అది చేపల ఒంట్లోకి చేరడం గమనించారు. తర్వాత మనిషికి తాగించి కొలిస్తే, మనం తాగిన నీరు ఒంట్లో సగటున సుమారు 13 రోజులు ఉంటుందని తేలింది.

అదే ఏడాది ఫ్రాన్స్‌లో ఐరీన్ క్యూరీ, ఫ్రెడెరిక్ జోలియో దంపతులు మామూలు మూలకాలను కృత్రిమంగా రేడియోధార్మికంగా మార్చవచ్చని చూపారు. హెవెషి ఎదురుచూసిన తలుపు తెరుచుకుంది. కానీ అప్పటికే జర్మనీలో నాజీల పాలన మొదలైంది. యూదు మూలాలున్న ఆయన ఫ్రైబర్గ్‌లో ప్రొఫెసర్ పదవి వదిలి 1934లో మళ్లీ కోపెన్‌హేగెన్ చేరారు.

1935లో బోర్ యాభయ్యో పుట్టినరోజు. డెన్మార్క్ ప్రజల నుంచి లక్ష క్రోనర్లు పోగుచేసి, 0.6 గ్రాముల రేడియం కొని బోర్‌కు కానుక ఇచ్చారు. ఆ ప్రయత్నం వెనుక ఉన్నది హెవెషే. రేడియాన్ని బెరీలియంతో కలిపితే న్యూట్రాన్లు వస్తాయి. వాటిని గంధకం మీదికి పంపితే అది రేడియోధార్మిక భాస్వరం-32గా మారుతుంది. దాని అర్ధజీవిత కాలం సుమారు 14 రోజులు. అంటే ప్రతి 14 రోజులకూ దాని కిరణాల బలం సగానికి తగ్గుతుంది. కొన్ని వారాల పాటు జాడ పట్టడానికి సరిపోతుంది.

ఓలే షీవిట్స్ అనే వైద్యుడితో కలిసి హెవెషి ఆ భాస్వరాన్ని ఎలుకలకు తినిపించారు. అది నేరుగా ఎముకల్లోకి చేరింది. కొన్నాళ్లకు అక్కడి నుంచి బయటికీ వచ్చేసింది. ఒక భాస్వరం పరమాణువు ఎలుక ఒంట్లో సగటున సుమారు రెండు నెలలే ఉంటుందని లెక్క తేలింది. అప్పటిదాకా పెరిగిన ఎముక అంటే కట్టేసిన గోడ లాంటిదని అనుకునేవారు. అది గోడ కాదు, నిత్యం పాత నీరు పోతూ కొత్త నీరు వచ్చే చెరువు అని ఈ ప్రయోగం చెప్పింది. పైకి కదలనట్టు కనిపించే శరీరం లోపల ఎంత పని జరుగుతుందో గుర్తు పెట్టిన పరమాణువు చూపించింది.

ద్రవంగా మారిన పతకాలు

1940 ఏప్రిల్ 9న జర్మనీ సైన్యం డెన్మార్క్‌లో దిగింది. బోర్ సంస్థలో జర్మనీ శాస్త్రవేత్తలు మాక్స్ ఫాన్ లావే, జేమ్స్ ఫ్రాంక్‌ల నోబెల్ పతకాలు దాచి ఉన్నాయి. అప్పటి జర్మనీలో బంగారాన్ని దేశం దాటించడం పెద్ద నేరం. పతకాల మీద వాళ్ల పేర్లు చెక్కి ఉన్నాయి. సైనికుల చేతికి చిక్కితే లావే ప్రాణానికే ముప్పు, ఎందుకంటే ఆయన ఇంకా జర్మనీలోనే ఉన్నారు. పాతిపెడదామా అన్న ఆలోచనను, తవ్వి తీస్తారన్న భయంతో వదిలేశారు.

హెవెషి వాటిని ద్రవరాజంలో కరిగించారు. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, గాఢ నైట్రిక్ ఆమ్లం కలిసిన మిశ్రమం అది. బంగారం త్వరగా లొంగే లోహం కాదు. వీధుల్లో సైన్యం కవాతు చేస్తుంటే ఆయన ప్రయోగశాలలో ఆ పని మీదే ఉన్నారు. చివరికి మిగిలిన ద్రావణాన్ని మిగతా పాత్రల మధ్య అరలో పెట్టేశారు. యుద్ధం ముగిసేదాకా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ఆ ద్రావణం నుంచే బంగారాన్ని తిరిగి తీశారు. నోబెల్ సంస్థ ఆ బంగారంతోనే పతకాలు మళ్లీ పోత పోయించింది.

1943లో డెన్మార్క్‌లోనూ యూదుల అరెస్టులకు రంగం సిద్ధం కావడంతో హెవెషి స్వీడన్‌కు తప్పించుకున్నారు. ఐసోటోపులను గుర్తులుగా వాడే పద్ధతికి ఆయనకు 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. దాన్ని ప్రకటించింది 1944లో.

అంతకుముందే 1942లో స్వీడన్ శాస్త్రవేత్త హన్స్ ఫాన్ ఆయిలర్‌తో కలిసి ఆయన చేసిన పని ఒకటుంది. ఎలుకల్లో పెరిగే కణితులకు ఎక్స్ కిరణాలు ఇచ్చి, భాస్వరం-32 సాయంతో లోపల కేంద్రకామ్లం తయారీ ఎలా ఉందో కొలిచారు. కిరణాలు పడ్డాక ఆ తయారీ బాగా తగ్గింది. కణితి ఎంత పెద్దగా ఉందన్న ప్రశ్న పక్కన, అందులో ఎంత పని జరుగుతోందన్న రెండో ప్రశ్న వచ్చి చేరింది. మెదడు కణితుల వైద్యానికి పనికొచ్చింది ఈ రెండో ప్రశ్నే.

పుర్రె లోపలికి చూపు

మెదడులో వచ్చే కణితుల్లో గ్లయోబ్లాస్టోమా అతి ఉద్ధృతమైన వాటిలో ఒకటి. దాని అంచు గీత గీసినట్టు ఉండదు. తెల్లబట్ట మీద పడిన సిరాలా చుట్టుపక్కల కణజాలంలోకి పాకుతుంది. తక్కువ తీస్తే కణితి మిగిలిపోతుంది. ఎక్కువ తీస్తే మాట, నడక, చూపు పోయే ప్రమాదం.

1948లో అమెరికాలోని మిన్నెసోటాలో జార్జ్ మూర్ అనే వైద్యుడు రేడియోధార్మిక అయొడిన్ తగిలించిన రంగు పదార్థాన్ని రోగుల రక్తంలోకి ఎక్కించారు. తల బయట నుంచి కిరణాలను కొలుస్తూ కణితి ఎక్కడుందో వెతికారు. 1949లో బోస్టన్‌లో సెల్వర్‌స్టోన్, స్వీట్ అనే వైద్యులు హెవెషి వాడిన భాస్వరం-32నే తీసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న మెదడు కంటే కణితి దాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అయితే దాని కిరణాలు కణజాలంలో కొన్ని మిల్లీమీటర్లే వెళ్లగలవు. పుర్రె దాటి బయటికి రావు. అందుకే శస్త్రచికిత్స సమయంలో సన్నని కొలమాన పరికరాన్ని మెదడులోకే దింపి, కణితి అంచు ఎక్కడిదాకా ఉందో చూశారు.

పుర్రె తెరవకుండానే చూడాలంటే బయటికి వచ్చే కిరణాలు కావాలి. స్వీట్, భౌతిక శాస్త్రవేత్త బ్రౌనెల్ 1950ల మొదట్లో పాజిట్రాన్లను విడుదల చేసే ఐసోటోపులను వాడారు. పాజిట్రాన్ దగ్గరలోని ఎలక్ట్రాన్‌ను తాకగానే రెండూ మాయమై, రెండు గామా కిరణాలు సరిగ్గా ఎదురెదురు దిక్కుల్లో బయలుదేరతాయి. తలకు రెండు వైపులా పెట్టిన పరికరాలు ఒకే క్షణంలో వాటిని పట్టుకుంటే, ఆ రెంటినీ కలిపే గీత మీద ఎక్కడో వాటి పుట్టుక ఉందని తెలుస్తుంది. అలాంటి లక్షల గీతలను కంప్యూటర్ కలిపి గీసే చిత్రమే పెట్ స్కాన్.

1976లో ఫిలడెల్ఫియాలో ఫ్లోరిన్-18 అనే ఐసోటోపు తగిలించిన గ్లూకోజ్ లాంటి పదార్థాన్ని మొదటిసారి మనుషులకు ఇచ్చి మెదడు చిత్రం తీశారు. కణం దాన్ని గ్లూకోజే అనుకుని లోపలికి తీసుకుంటుంది. దానికి ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. ఆపై ఏం చేయాలో తోచక లోపలే ఉంచేసుకుంటుంది. ఆకలి ఎక్కువున్న కణం ఎక్కువ పోగేసుకుంటుంది. 1982లో జొవాన్ని డి కీరో బృందం, ఉద్ధృతమైన మెదడు కణితులు నెమ్మదైన వాటికంటే ఈ పదార్థాన్ని ఎక్కువగా తీసుకుంటాయని చూపింది.

తిరిగొచ్చిన కణితా, కిరణాల గాయమా?

శస్త్రచికిత్స, రేడియేషన్ అయ్యాక కొన్ని నెలలకు రోగికి ఎమ్మారై తీస్తారు. పాత చోటే ఒక తెల్లటి మచ్చ కనిపిస్తుంది. అది తిరిగొచ్చిన కణితి కావచ్చు. రేడియేషన్ వల్ల చచ్చిన కణజాలం కూడా కావచ్చు. రెండు చోట్లా రక్తనాళాల కాపలా దెబ్బతిని మందు లోపలికి ఇంకుతుంది కాబట్టి ఎమ్మారైలో రెండూ దాదాపు ఒకేలా కనిపించవచ్చు. ఒకదానికి మళ్లీ చికిత్స మొదలుపెట్టాలి. రెండోదానికి ఆ చికిత్స అనవసరపు కష్టం. స్కాన్ గది బయట కూర్చున్న కుటుంబానికి ఇంతకంటే పెద్ద ప్రశ్న ఉండదు.

ఇక్కడ హెవెషి అడిగిన ప్రశ్నే అడగాలి. ఆ మచ్చ లోపల పని జరుగుతోందా? చచ్చిన కణజాలం పెద్దగా ఏమీ తీసుకోదు, పెరిగే కణితి తీసుకుంటుంది. అయితే గ్లూకోజ్‌తో ఒక చిక్కుంది. శరీరం బరువులో మెదడు నూటికి రెండు వంతులే అయినా, శక్తిలో సుమారు ఐదో వంతు అదే వాడుకుంటుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మెదడు కూడా చిత్రంలో వెలిగిపోతుంది. ఆ వెలుగులో కణితి కలిసిపోవచ్చు. అందుకే ప్రొటీన్లకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలకు గుర్తు పెట్టడం మొదలైంది. మామూలు మెదడు వీటిని తక్కువగా తీసుకుంటుంది, కణితి ఎక్కువగా తీసుకుంటుంది. చీకట్లో దీపంలా కణితి తేలిపోతుంది. కార్బన్-11 తగిలించిన మెథియొనిన్ వీటిలో ఒకటి. దాని అర్ధజీవిత కాలం 20 నిమిషాలే కాబట్టి తయారుచేసే యంత్రం దగ్గర్లోనే ఉండాలి. ఫ్లోరిన్-18 తగిలించిన టైరొసిన్ రకం 110 నిమిషాల దాకా సగం నిలుస్తుంది కాబట్టి దూరపు ఆసుపత్రికీ పంపవచ్చు.

ఇంతా చేసి ఈ చిత్రం చెప్పిందే తుది తీర్పు కాదు. వాపు ఉన్నచోట కూడా కొంత వెలుగు రావచ్చు. కొన్ని కణితులు తక్కువగా వెలగవచ్చు. అలాంటప్పుడు వైద్యులు ఎమ్మారైని పక్కన పెట్టుకుని పోలుస్తారు, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ఆ ముక్క ఎక్కడ తీయాలో చెప్పడానికి కూడా ఈ చిత్రమే సాయం చేస్తుంది.

హెవెషి 1966 జులై 5న ఫ్రైబర్గ్‌లో కన్నుమూశారు. అప్పటికి పెట్ స్కాన్ ఇంకా ఆసుపత్రులకు రాలేదు. తర్వాతి కాలంలో ఆయన అస్థికలను స్వస్థలం బుడాపెస్ట్‌కు తీసుకెళ్లారు. మాంచెస్టర్ నేలమాళిగలోని ఆ సీసం నుంచి రేడియం-డిని రసాయన పద్ధతుల్లో విడదీయడం ఈ రోజుకీ ఎవరి వల్లా కాదు. ఆ రెండూ విడిపోని జంట అని తెలియడమే ఆయనకు దొరికిన ఫలితం. శరీరానికి కూడా ఆ తేడా తెలియదు. అందుకే గుర్తు పెట్టిన పరమాణువును తన సొంతదే అనుకుని లోపలికి రానిస్తుంది, లోపల ఏం జరుగుతోందో మనకు చూడనిస్తుంది.